బుట్టని అటక ఎక్కించకండి

‘పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికెళ్ళినట్టు’ అని మనకో సామెత ఉంది. ఆ సామెత కట్టినవాళ్ళు ఒక్కసారైనా పిల్లిని చంకన పెట్టుకుని వీధి దాటి ఉంటారా అని నా అనుమానం. పెళ్ళీ శకునమూ తర్వాత సంగతి, ముందు అది చంకలో నిలవాలి కదా! పెళ్ళిదాకా అక్కర్లేదు, నాలుగు వీధుల అవతల ఉన్న పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళి చూడండి, మోచేతి నుంచి మణికట్టు దాకా ముగ్గు పెట్టి వదుల్తుంది.

ఇంట్లో పిల్లి ఉన్న ఏ ఇల్లాలిని అడిగినా ఈ మాటే చెబుతుంది. చెప్పి, చివర్లో ‘మా పిల్లి మహా మొండిదండీ’ అంటుంది. ఆ చివరి మాట దగ్గరే నాకు పేచీ. పిల్లి మొండిది కాదు, భయపడుతోంది. ఆ భయం దాని పుట్టుకతో వచ్చింది కొంత, మనం కూర్చోబెట్టి నేర్పింది కొండంత.

ఎలా నేర్పామో చెప్పడానికి నాకు తెనాలి రామకృష్ణుడి కథే గుర్తొస్తుంది. ఎలుకల బాధ పోవడానికి రాయలవారు తలా ఒక పిల్లినీ, దానికి పాల కోసం ఒక ఆవునీ ఇచ్చారు. రామకృష్ణుడు పాలన్నీ ఇంటిల్లిపాదికీ పోసి, పిల్లి ముందు మాత్రం సలసల కాగే పాలు పెట్టాడు. మూతి కాలిన ఆ పిల్లి ఆ తర్వాత పాలగిన్నె కనబడితే చాలు పరుగో పరుగు. సభలో అందరూ నవ్వారు, చిన్నప్పుడు మనమూ నవ్వాం. ఆ పిల్లి తెలివితక్కువది కాదని, ఒక్కసారికే పాఠం గట్టిగా వంటబట్టించుకుందని మాత్రం మనకెవరూ చెప్పలేదు. కాలింది పాల వల్ల, పారిపోయింది గిన్నెని చూసి. మనిళ్ళల్లో పిల్లిబుట్ట కథ అచ్చంగా ఇదే.

బుట్ట అంటున్నాను, షాపువాళ్ళు క్యారియర్ అంటారు. మనకి క్యారియర్ అంటే అన్నం క్యారియరే. ‘పిల్లికి క్యారియర్ కొన్నాం’ అంటే మా పక్కింటి పిన్నిగారు దానికి రోజూ భోజనం ఎక్కడికి పంపుతున్నామో అడిగారు! అందుకని మా ఇంట్లో బుట్ట అనే అంటాం. గట్టి ప్లాస్టిక్‌ది, ముందు జాలీ తలుపు, పక్కన క్లిప్పులు తీస్తే పై సగం ఊడి వచ్చేది.

మన ఇళ్ళల్లో రోజూ వాడని వస్తువేదైనా సరే అటకెక్కాల్సిందే. బొమ్మలకొలువు పెట్టె, ఆవకాయ జాడీలు, పాత కూలర్, వాటి పక్కనే పిల్లిబుట్ట. ఏడాదికి ఒకసారి, సూది వేయించే రోజు పొద్దున్న, ఇంటాయన స్టూలు వేసుకుని దాన్ని కిందికి దింపుతాడు. దుమ్ము, బొద్దింకల వాసన, పోయినేడాది ఆస్పత్రి మందుల వాసన. ఆ స్టూలు చప్పుడుకే పిల్లి మంచం కింద గోడమూలకి చేరుతుంది. ఇక అక్కణ్ణుంచి ఒకరు చీపురు, ఒకరు దుప్పటి, పిల్లలు ‘పట్టుకో పట్టుకో’ అని కేకలు. పట్టుకోవాల్సింది ఎవరు? ఆవిడే. ఆయన ‘నువ్వు పట్టుకో, నేను బండి తీస్తాను’ అంటాడు. బండి తీయడానికి పదిహేను నిమిషాలు పడుతుంది ఆ పూట.

పట్టుబడ్డాక తలకిందులుగా తోసి, తలుపు మూసి, ఆటోలో కుదుపుకుంటూ తీసుకెళ్ళి, కుక్కల మధ్య కూర్చోబెట్టి, సూది పొడిపించి తెచ్చి, బుట్టని మళ్ళీ అటకెక్కిస్తాం. పిల్లి దృష్టిలోంచి చూడండి. ఆ బుట్ట దానికి ఎప్పుడైనా ఒక్క మంచి కబురు తెచ్చిందా? ‘పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుంది’ అని చెప్పిన పెద్దలకి తెలిసిన విషయమే మనం ఆ పూట మర్చిపోతాం.

మా అత్తగారి పుట్టిల్లు నాగావళి ఒడ్డున, ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. బుట్ట కొన్న రోజున ఆవిడ మొహం చిట్లించి, ‘ఓలమ్మా, పిల్లికి పల్లకీ ఏటి? గోనెసంచిలో ఏసి మూతి కట్టెయ్, అయిపోద్ది’ అన్నారు. ఆవిడ ఎగతాళికి అన్నది కాదు. వాళ్ళ ఊళ్ళో పిల్లి ప్రయాణం అంటే అదొక్కటే. పాలు దొంగతాగే పిల్లినో, అటక మీద ఈనిన పిల్లి పిల్లల్నో సంచిలో వేసి ఏరు దాటించి వదిలేసేవారట. ఏరు దాటితే వాసన తెగి తిరిగి రాదని నమ్మకం. ‘ఒక పిల్లయితే మూడోనాడు తెల్లారీసరికి మా గడపలోనే కూకుంది’ అని ఆవిడే చెబుతారు, కాస్త మెచ్చుకోలుగానే.

అంటే మన దగ్గర పిల్లిని సంచిలో వేయడమంటే వెళ్ళగొట్టడమే. మందు ఇప్పించడానికి మోసుకెళ్ళడం అనేది ఈ మధ్య వచ్చిన అలవాటు. అలవాటు కొత్తది, పద్ధతి మాత్రం పాతదే వాడుతున్నాం. సంచి బదులు ప్లాస్టిక్ బుట్ట వచ్చింది, అంతే తేడా. జంతువులకి అనవసరమైన బాధ కలిగేలా మోసుకెళ్ళడం, తిండీ నీళ్ళూ లేక అల్లాడేలా వదిలేయడం రెండూ 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరాలే. చట్టం సంగతి తెలిస్తే మంచిదే కానీ, చట్టానికి భయపడి ఎవరూ పిల్లిని ముద్దుగా ఎత్తుకోరు.

‘ఇంతోటి దానికి ఇంత రాద్ధాంతమా, పది నిమిషాల బాధ, అయిపోతుంది’ అని మా మరిది అంటుంటాడు. ఆ పది నిమిషాలతో అయిపోదు, అదే నా బాధ. ఒకసారి రక్తాలు వచ్చేలా రక్కించుకున్న ఇంట్లో మర్నాటి ఏడాది సూది ఉండదు. ‘దీన్ని మళ్ళీ ఎవరు పడతారు, ఇంట్లోనే కదా ఉంటుంది’ అని వదిలేస్తారు. మన ఇళ్ళల్లో పిల్లి ‘ఇంట్లోనే’ ఉండటం అంటే ఏమిటో మనకి తెలుసు. పగలు సోఫా మీద, రాత్రి పక్కింటి పెంకుల మీద, ఏ కుక్కతో ఏ పిల్లితో కలబడిందో దానికే తెలియాలి.

రేబిస్ ఒక్క కుక్క వల్లే వస్తుందనుకునేవాళ్ళు మనలో ఇంకా చాలామంది ఉన్నారు. పిల్లికీ వస్తుంది, పిల్లి నుంచి మనకీ వస్తుంది. లక్షణాలు బయటపడ్డాక దాదాపుగా బతికే ఆశ లేని జబ్బు. అందుకే గోరు గీసుకుని రక్తం వచ్చినా, పన్ను దిగినా వెంటనే ధారగా పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళమంటారు. అక్కడ చేతికి వేసే సూదులు మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి. పిల్లికి ఒక సూది తప్పించుకోబోతే ఇల్లాలికి నాలుగు విడతలు! పసుపు అద్దేసి వంటలో పడిపోయే అలవాటు మనకి బాగా ఉంది కనుక ఇది రాస్తున్నాను.

1885 జూలై 6న లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ కుర్రాడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించాడు. ఆ రోజు గుర్తుగా ఏటా జూలై 6న మన పశువుల ఆస్పత్రుల్లో పెంపుడు జంతువులకి ఉచితంగా టీకాలు వేస్తుంటారు. ఒకసారి వెళ్ళి చూడండి. వరసంతా కుక్కలే. కుక్కలే ఎక్కువ పెంచుతారన్నది నిజమే అనుకోండి, కానీ మా వీధిలో లెక్కేస్తే పిల్లులున్న ఇళ్ళూ తక్కువేం లేవు. కుక్కకి గొలుసు వేస్తే నడిచి వస్తుంది. పిల్లిని మొయ్యాలి. ఆ ఒక్క కారణంగా ఎన్ని పిల్లులు సూది మొహం చూడకుండా ఉండిపోతున్నాయో!

ఆడపిల్లి సంగతి ఇంకోటి. దానికి రెండు నెలలకే కాన్పు. ఏడాదికి రెండు మూడు కాన్పులు మామూలే. ‘పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు’ అది మన అటక మీంచి పక్కవాళ్ళ మేడ మీదికి తిప్పుతుంది, పక్కవాళ్ళు మన మీదికి గొడవకొస్తారు, చివరికి ఎవరో ఒకరు గోనెసంచి తెస్తారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఒకటి ఉంది, ఒక్కసారితో పోతుంది. కానీ అది మన వీధి చివర అయ్యే పని కాదు. మన రెండు జిల్లాల్లో పశువుల ఆస్పత్రులున్నాయి గానీ అవి పాడిపశువుల కోసం పుట్టినవి. గేదెని నిలబెట్టే ఇనప చట్రం ఉంటుంది, పిల్లిని నిలబెట్టే బల్ల అన్నిచోట్లా ఉండదు. చీపురుపల్లి దగ్గర గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందది. లేదంటే విశాఖపట్నం పోవాలి. పాలకొండ నుంచో, పార్వతీపురం నుంచో వచ్చేవాళ్ళకి అదెంత ప్రయాణమో ఆలోచించండి. అంతసేపు బుట్టలో కూర్చోలేని పిల్లికి ఆపరేషన్ లేదు. ఆపరేషన్ లేకపోతే సంచి ఉంటుంది. నేను బుట్ట గురించి ఇంత పట్టు పట్టేది అందుకే.

మగపిల్లి ఉన్నవాళ్ళు ఇదీ గుర్తుపెట్టుకోండి. అది మూత్రానికి కూర్చుని కూర్చుని చుక్క రాక అరుస్తోందంటే రేపు చూద్దాం అనుకోకూడదు. దారి మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. ఆ రోజు మంచం చుట్టూ గంటసేపు పరుగులు పెట్టే తీరిక ఉండదు. తీసుకెళ్ళలేక ఇంట్లో ఉన్న పారాసిటమాల్ ముక్క చేసి వేసేవాళ్ళూ ఉన్నారు. మన పిల్లలకి ఇచ్చే ఆ మాత్రే పిల్లికి విషం, చిన్న ముక్కయినా సరే.

ఇక మా గవ్వ సంగతి. తెలుపు మీద గోధుమరంగు మచ్చలు, అందుకని మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. మా ఇంటికొచ్చేనాటికే పెద్దది, మనిషి అడుగు చప్పుడుకి ఫ్రిజ్ వెనక్కి దూరేది. అంతకుముందు ఎవరింట ఏం పడిందో. బుట్ట కొన్నరోజే తలుపు ఊడదీసి పక్కన పెట్టేసి, ఒట్టి గూడులా హాల్లో టీవీ బల్ల పక్కన పెట్టాను. లోపల మా అత్తగారి పాత నేతచీర ముక్క మడిచి వేశాను. అంతే. పిల్లిని పిలవలేదు, చూపించలేదు, దానివంక చూడను కూడా లేదు. పిల్లికి మనం పనిగట్టుకుని ఏది చూపిస్తే అది అనుమానమే.

నాలుగు రోజులు దూరంగా చుట్టూ తిరిగింది. ఐదోరోజు మధ్యాహ్నం వాసన చూసి పోయింది. చేపలమ్మే ఆవిడ నెత్తళ్ళు తెచ్చిన రోజున రెండు ఉప్పూ కారం లేకుండా ఉడికించి బుట్ట ముందు పెట్టాను. మర్నాడు గుమ్మంలో, తర్వాత లోపలి అంచున, వారం తిరిగేసరికి మూలన. మొత్తం లోపలికి వెళ్ళి తిని, బయటికి రాకుండా అక్కడే మూతి కడుక్కున్న రోజున మా అమ్మాయి నా దగ్గరికి పిల్లిలా నడుచుకుంటూ వచ్చి చెవిలో చెప్పింది. అప్పుడు తలుపు బిగించాం, కానీ మూయలేదు. తర్వాత మూసి, ఒకటి రెండు అంకెలు లెక్కపెట్టి తెరవడం. తర్వాత పది. తర్వాత కింద చెయ్యి వేసి జానెడు ఎత్తి దింపడం. వరండా దాకా ఒక నడక. ఎక్కడ చెవులు వెనక్కి వాలితే అక్కడ ఆపి, ముందురోజు మెట్టుకి దిగిపోవడం. ఇదంతా వేరే పనేం కాదు, పప్పు ఉడికేలోపు అయ్యేదే. ఆరేడు వారాలు పట్టింది.

ఆ తర్వాత చదివాను, వియన్నాలోని పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు ఇదే పరీక్షించి 2018లో ప్రచురించారట. 22 పిల్లుల్ని తీసుకుని సగం వాటికి ఆరు వారాలు బుట్ట అలవాటు చేశారు, తక్కినవాటికి చేయలేదు. కారెక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళితే అలవాటైన వాటికి దారిలో బెదురు తక్కువ, పరీక్ష కూడా త్వరగా ముగిసింది. వాళ్ళ దగ్గర కార్లున్నాయి, మన దగ్గర ఆటోలున్నాయి. కుదుపు మనకే ఎక్కువ, అలవాటు చేయాల్సిన అవసరమూ మనకే ఎక్కువ.

బియ్యేలో మాకు మార్జాలకిశోర న్యాయం చెప్పేవారు. కోతిపిల్ల తల్లిని తానే కరిచి పట్టుకుంటుంది, పిల్లికూన మాత్రం తల్లి నోట మెడ అప్పగించి చేతులు వదిలేస్తుంది, భగవంతుడికి శరణాగతి అలా చెయ్యాలని. చక్కటి ఉపమానం. కానీ అది కూనకి, అదీ కన్నతల్లికి. పెద్దపిల్లిని మెడతోలు పట్టి గాల్లోకి లేపితే అది శరణాగతి కాదు, బిగుసుకుపోవడం. బరువంతా ఆ తోలు మీద పడి నొప్పి, భయం రెండూ. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ కింద వేసి మనకి ఆనించుకోవాలి.

అలవాటు చేసే టైము లేదు, ఇవాళే తీసుకెళ్ళాలి అంటే? ముందు తలుపులు. బుట్ట బయటికి తీయకముందే పడగ్గది, వంటగది, అటక దారి అన్నీ మూసేసి, పిల్లి ఉన్న చిన్న గదిలో ఒక్కరే ఉండాలి. పిల్లలు బయట, ఫోన్లు బయట, సలహాలు కూడా బయటే. మందపాటి తుండు మీద కప్పి, చంటిపిల్లని చుట్టినట్టు నాలుగు కాళ్ళూ లోపలికి చుట్టేయాలి. బుట్టని నిలువుగా, తలుపు పైకి వచ్చేలా నిలబెట్టి, తోకవైపు నుంచి లోపలికి దింపాలి. తలవైపు నుంచి తోస్తే ఎదురుగా చీకటి కనబడి కాళ్ళు నాలుగు దిక్కులా తన్నుతుంది. వెనక నుంచి దింపితే దానికి మన మొహం కనబడుతూ ఉంటుంది. తుండు తీయక్కర్లేదు, అలాగే మూసేయండి. మరీ బెదురుగొడ్డు అయితే ముందే డాక్టరుగారికి ఫోన్ చేసి చెబితే బయల్దేరేముందు ఇవ్వడానికి మందు రాసిస్తారు. ఆయన చెప్పిందే, ఆయన చెప్పినంతే.

ఆటోలో బుట్టని ఒళ్ళో పెట్టుకుని పైన పలచటి గుడ్డ కప్పండి, గాలాడేలా. పాటలు ఆపమని అడగండి, మన కుర్రాళ్ళు మంచివాళ్ళు, ఆపుతారు, ‘లోపలేటమ్మా?’ అని అడిగి మరీ. ఆస్పత్రిలో బుట్టని నేలమీద దింపకండి, కుక్క మూతి సరిగ్గా ఆ ఎత్తుకే వస్తుంది. రద్దీగా ఉంటే చీటీ రాయించి వేపచెట్టు కింద కూర్చుని మన వంతు వచ్చినప్పుడు వెళ్ళడం నయం. లోపల డాక్టరుగారు ‘బయటికి తీయండి’ అంటే, క్లిప్పులు తీసి పై సగం ఎత్తేసి, ‘ఇలాగే చూస్తారాండీ?’ అని అడగండి. ఒకచోట మాకు విసుక్కుంటూ ‘పిల్లేగా, లాగండమ్మా’ అన్నారు. ఇంకోచోట యువ డాక్టరమ్మ బుట్ట అడుగుభాగంలోనే కూర్చోబెట్టి చెవులు చూసి, చీరముక్క కిందనుంచే తొడకి సూది వేసేసింది. గవ్వ ఆమెని ఒకసారి చూసి మళ్ళీ మూల వాసన చూసుకుంది.

‘మనుషులకే దిక్కులేదు, పిల్లికి ఇంత సేవా?’ అంటారు. అనే వాళ్ళెవరూ మనుషులకి ఆరు వారాలు సేవ చేస్తూ తీరిక లేక అంటున్నవాళ్ళు కాదని గమనించాను. పైగా నాకు దీంట్లో మనుషుల సంగతే ఎక్కువ కనబడుతుంది. మన ఇళ్ళల్లో భయపడినవాళ్ళకి మనం చేసే వైద్యం ఒకటే, నలుగురం కలిసి గట్టిగా పట్టుకోవడం. సూదికి ఏడ్చే పిల్లాడినీ అంతే, పళ్ళ డాక్టరు దగ్గరికి రానని మొరాయించే మామగారినీ అంతే. పని అయిపోతుంది, నిజమే. రెండోసారి ఆ గుమ్మం ఎక్కించడానికి మళ్ళీ నలుగురు కావాలి.

సిరిమాను పండక్కి చుట్టాలొస్తున్నారని, హాల్లో ఆ బుట్ట అడ్డంగా ఉందని మా ఆయన మొన్న స్టూలు తెచ్చారు. అటక మీద ఇంకోవైపు ఖాళీ ఉంది, కావాలంటే ఆ కుషన్లు ఎక్కించమన్నాను. బుట్టలో గవ్వ పడుకుని ఉంది, దాని కాళ్ళ దగ్గర మా అత్తగారు ఉతికి మడతపెట్టిన ఇంకో నేతచీర ముక్క.